ఆస్పత్రికి 4 రోజులు, బడికి 220 రోజులు

టైప్‌ 1 మధుమేహం ఉన్న పిల్లను డాక్టరుకు చూపించేది సాధారణంగా మూడు నెలలకోసారి. అంటే ఏడాదికి నాలుగు రోజులు. అదే పిల్ల ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా బడికి వెళ్లేది, విద్యాహక్కు చట్టం లెక్కన, ఏడాదికి 220 రోజులు. ఈ జబ్బు గురించి మన దగ్గర జరిగే చర్చంతా ఆ నాలుగు రోజుల చుట్టూనే తిరుగుతుంది. ఏ ఇన్సులిన్ రాశారు, ఎన్ని యూనిట్లు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎంత వచ్చింది అన్నవే ప్రశ్నలు. మిగతా 220 రోజుల్లో ఉదయం గేటు దాటి లోపలికెళ్లిన దగ్గర్నుంచి సాయంత్రం ఆఖరి గంట కొట్టేదాకా ఆ పిల్ల ఒంట్లో ఏం జరుగుతోందో అడిగే నాథుడు ఉండడు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ జబ్బుకు సంబంధించినంత వరకు బడి కూడా వైద్యం జరిగే చోటే. డాక్టరు రాసిచ్చిన చీటీ అక్కడ అమలు కాకపోతే, ఎంత ఖరీదైన ఇన్సులిన్ కొన్నా పిల్లకు దక్కాల్సిన మేలు పూర్తిగా దక్కదు.

షుగర్ అనగానే మనకు గుర్తొచ్చేది నడివయసు దాటాక వచ్చే టైప్‌ 2. మాత్రలు, పొద్దున్నే నడక, అన్నం తగ్గించి జొన్నరొట్టె. పిల్లల్లో ఎక్కువగా కనిపించే టైప్‌ 1 దీనికి పేరులో మాత్రమే చుట్టం. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే దారి తప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద పడి వాటిని నాశనం చేస్తుంది. పిల్ల చాక్లెట్లు తిన్నందుకో, తల్లి కడుపుతో ఉన్నప్పుడు స్వీట్లు తిన్నందుకో ఇది రాదు. ఈ మాట ప్రతి తల్లికీ మొదటిరోజే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే చేయని తప్పును ఏళ్ల తరబడి మోసే తల్లులు చాలామంది. ఇన్సులిన్ లేకపోతే తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలోనే ఉండిపోతుంది, కండరాలకు అందదు. డెసిలీటరు రక్తంలో గ్లూకోజు దాదాపు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని పట్టి ఉంచలేక బయటికి వదిలేస్తాయి, దాంతో నీళ్లూ పోతాయి. అందుకే మాటిమాటికీ ఒంటేలు, తీరని దాహం, పక్క తడపడం ఎప్పుడో మానేసిన పిల్ల మళ్లీ తడపడం, బాత్రూములో చీమలు పట్టడం, ఎంత తిన్నా చిక్కిపోవడం. గ్లూకోజు అందని ఒళ్లు కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడితే కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి. అప్పుడు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, ఊపిరిలో మగ్గిన పండు లాంటి వాసన. ఈ దశలో ఆస్పత్రికి తీసుకెళ్తే అజీర్తి అనో, ఇన్‌ఫెక్షన్ అనో, అపెండిసైటిస్ అనో పొరబడటం అరుదేమీ కాదు. వేలికొసన ఒక్క చుక్క నెత్తురు తీసి గ్లూకోమీటరులో పెడితే క్షణాల్లో తేలిపోయే విషయం అది. ఆ ఒక్క పరీక్ష ఎవరికీ తట్టక పసి ప్రాణాలు పోవడం కన్నా అన్యాయం ఇంకొకటి ఉండదు.

1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొట్టమొదటి ఇన్సులిన్ సూది వేశారు. 11వ తేదీన వేసిన మందు అంత శుద్ధమైనది కాదు, దాంతో పెద్దగా ఫలితం లేదు. జీవరసాయన శాస్త్రవేత్త జేమ్స్ కొలిప్ దాన్ని మరింత శుద్ధి చేశాక 23న మళ్లీ వేస్తే షుగర్ దిగింది. అంతకుముందు ఇలాంటి పిల్లలకు డాక్టర్లు చేయగలిగిందల్లా తిండి దాదాపు మాన్పించి చావును కొన్నాళ్లు వెనక్కి నెట్టడమే. ఇప్పుడు మన దేశంలో ఈ జబ్బుతో బతుకుతున్న 20 ఏళ్ల లోపు వాళ్లు సుమారు 2.29 లక్షల మంది అని అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య 2021లో అంచనా కట్టింది. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. వీళ్లలో ప్రతి ఒక్కరికీ ఇన్సులిన్ జీవితాంతం కావాలి, మానడమన్నది లేదు. ఇక్కడే ఒక మోసం పొంచి ఉంటుంది. సూదులు మొదలుపెట్టిన కొన్ని వారాలకు, ఇంకా చావకుండా మిగిలిన కొద్దిపాటి బీటా కణాలు తేరుకుని మళ్లీ కాస్త ఇన్సులిన్ తయారుచేస్తాయి, డోసు బాగా తగ్గిపోతుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ దశ అంటారు. సరిగ్గా ఈ సమయంలోనే ఎవరో ఒకరు పసరో, పొడో తెచ్చిస్తారు. షుగర్ తగ్గినట్టే కనిపిస్తుంది, పేరు పసరుకు దక్కుతుంది, సూది ఆపేస్తారు. ఆ కణాలు సాధారణంగా కొన్ని నెలల్లో దాదాపుగా పోతాయి. అప్పటికీ సూది లేకపోతే పిల్ల ఐసీయూకి చేరుతుంది, ఒక్కోసారి అక్కడిదాకా కూడా చేరదు.

ఇన్సులిన్ ప్రాణం నిలబెడుతుంది. అయితే ఆ పిల్ల నలభయ్యో ఏటికి ఎలాంటి కళ్లతో, ఎలాంటి కిడ్నీలతో చేరుతుందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు 1993లో దొరికింది. అమెరికా, కెనడాల్లో 1,441 మంది టైప్‌ 1 బాధితులను రెండు జట్లుగా విడదీసి సగటున ఆరున్నరేళ్లు గమనించిన డీసీసీటీ అనే పరిశోధన అది. 13 ఏళ్ల పిల్లల నుంచి 39 ఏళ్ల పెద్దల దాకా అందులో ఉన్నారు. ఒక జట్టు అప్పటి మామూలు పద్ధతిలో రోజుకు ఒకటి రెండు సూదులు వేసుకుంది. రెండోది రోజుకు మూడు, అంతకన్నా ఎక్కువ సూదులతో, లేదా పంపుతో, మాటిమాటికీ పరీక్ష చేసుకుంటూ షుగర్‌ను గట్టిగా పట్టింది. మొదటి జట్టు హెచ్‌బీఏ1సీ 9 దగ్గర, రెండోదానిది 7 దగ్గర నడిచింది. తేడా రెండు అంకెలే. కానీ అప్పటికి కంటి జబ్బు లేనివాళ్లలో అది కొత్తగా వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది, నరాల జబ్బు 60 శాతం తగ్గింది. అంతకన్నా నన్ను ఆలోచింపజేసేది ఆ తర్వాతి కథ. పరిశోధన ముగిశాక అందరికీ మెరుగైన పద్ధతే నేర్పారు, కొన్నేళ్లకు రెండు జట్ల అంకెలూ 8 దగ్గర కలిసిపోయాయి. అయినా జబ్బుల్లో తేడా చెరిగిపోలేదు. మొదట్లో బాగా పట్టి ఉంచినవాళ్లకు గుండెజబ్బుల్లాంటివి 42 శాతం తక్కువగా వచ్చినట్టు 2005లో తేలింది. తొలి ఏళ్లలో ఉన్న షుగర్‌ను రక్తనాళాలు దశాబ్దాల పాటు గుర్తుపెట్టుకుంటున్నాయన్నమాట. పదేళ్లకు ఈ జబ్బు వచ్చిన పిల్లకు తొలి ఏళ్లంటే బడి ఏళ్లే. పెద్దయ్యాక బుద్ధిగా చూసుకుంటుందిలే అని ఇప్పుడు వదిలేస్తే, పోయినదాంట్లో కొంత ఎప్పటికీ తిరిగిరాదు.

అయితే అదే పరిశోధన ఇంకో నిజం కూడా చెప్పింది, దాన్ని పక్కన పెట్టి వాదించడం న్యాయం కాదు. షుగర్‌ను గట్టిగా పట్టిన జట్టులో, అది ఉన్నట్టుండి పడిపోయి ఇంకొకరి సాయం కావాల్సి వచ్చిన సందర్భాలు మూడు రెట్లు. తర్వాత వచ్చిన కొత్త ఇన్సులిన్లతో ఈ ముప్పు తగ్గింది కానీ పోలేదు. కాబట్టి షుగర్‌ను కట్టడిగా ఉంచాలంటే పక్కన కనిపెట్టి చూసే మనిషి ఉండాలి. ఇంట్లో ఆ మనిషి అమ్మ. బడిలో అలాంటివాళ్లు లేరని తెలిసిన అమ్మ ఏం చేస్తుంది? పొద్దున ఇన్సులిన్ ఒకట్రెండు యూనిట్లు తగ్గించి వేస్తుంది, ఇంకో ఇడ్లీ ఎక్కువ పెడుతుంది. పడిపోవడం కన్నా ఎక్కువుండటమే నయం అనుకుంటుంది. ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. అలా ఏడాదికి 220 పగళ్లు షుగర్ కావాలనే 250 మీద నడుస్తుంది. డాక్టరు దగ్గరికెళ్లిన రోజున హెచ్‌బీఏ1సీ 10 వస్తే నింద మాత్రం అమ్మ మీదా పిల్ల మీదా పడుతుంది.

షుగర్ పడిపోవడం తరగతి గదిలో ఎలా కనిపిస్తుందో దగ్గరగా చూడాలి. అది 70 కిందికి దిగేసరికి ఒళ్లు అడ్రినలిన్ వదులుతుంది. చేతులు వణుకుతాయి, నుదుట చెమట పడుతుంది, గుండె దడదడలాడుతుంది, కడుపులో ఆకలి మండుతుంది. అప్పుడే ఏదైనా అందకపోతే మెదడుకు గ్లూకోజు చాలదు. ఎక్కం అప్పజెబుతున్న పిల్ల మధ్యలో ఆగిపోతుంది. బోర్డు మీది లెక్క దించుకుంటూ ఒకే వరుస రెండుసార్లు రాస్తుంది. పేరు పెట్టి పిలిస్తే పలకదు, పక్కపిల్ల మీద ఊరికే విసుక్కుంటుంది, లేదంటే ఏడుస్తుంది. జబ్బు సంగతి తెలియని టీచరుకు ఇది పరధ్యానం, లేదా మొండితనం. ధ్యాస ఎక్కడుందని నిలబెడతారు. ఆ పిల్లకు ఆ క్షణంలో కావాల్సింది మూడు చిన్న చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించడం, పదిహేను నిమిషాలాగి మళ్లీ వేలికొసన పరీక్షించడం, ఇంకా తక్కువుంటే మళ్లీ ఇవ్వడం. చిన్నపిల్లలైతే డాక్టరు చెప్పినట్టు ఇంకాస్త తక్కువ. మంచి మనసుతోనే చాలామంది చాక్లెట్టో చిక్కీయో చేతిలో పెడతారు. వాటిలోని కొవ్వు వల్ల తీపి రక్తంలోకి ఎక్కడం ఆలస్యమవుతుంది. అప్పటికి ఉత్త చక్కెర, గ్లూకోజు పొడే సరైన మందు. ఇంకో పొరపాటు, కళ్లు తిరుగుతున్నాయన్న పిల్లను ఒంటరిగా స్టాఫ్‌ రూముకో ఇంటికో పంపడం. ఆ దారిలోనే పడిపోవచ్చు. స్పృహ తప్పితే మాత్రం నోట్లో చుక్క కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, షుగర్‌ను పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉంటే వేసి, 108కి ఫోన్ చేయాలి. ఇందులో వైద్యవిద్య చదివితే తప్ప చేయలేనిది ఒక్కటీ లేదు.

బడిలో సూది గొడవ ఎందుకు, పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేస్తే పోదా అన్నది తరచూ వినిపించే మాట. నిజంగానే సర్కారు ఆస్పత్రుల మందుతో నెట్టుకొచ్చే చాలామంది పిల్లలు అలాగే వేసుకుంటున్నారు. కానీ ఆ పద్ధతి బడిని లెక్కలోంచి తప్పించదు, ఇంకా గట్టిగా కట్టిపడేస్తుంది. పొద్దున వేసే ఆ మందులో ఎన్‌పీహెచ్ అనే, పాలలా తెల్లగా కనిపించే ఇన్సులిన్ ఉంటుంది. ఏడున్నరకు వేస్తే అది బలం పుంజుకునేది దాదాపు పదకొండున్నర తర్వాత. దాన్ని ఎదుర్కోవడానికి మధ్యాహ్నం అన్నం సరైన వేళకు కడుపులో పడాలి. వంట ఆలస్యమైందనో, పరీక్ష పొడిగించారనో, ముఖ్య అతిథి ప్రసంగం ముగియలేదనో భోజనం గంట వెనక్కి జరిగితే మిగతా పిల్లలకు ఆకలి, ఈ పిల్లకు ప్రమాదం. ఒంట్లోకి వెళ్లిన మందును వెనక్కి తీసుకోలేం. పైగా ఆ డోసు పొద్దున వేసేటప్పుడు మధ్యాహ్నం ఎంత తింటుందో అమ్మకు తెలియదు. మధ్యాహ్న భోజన పథకం కొలత ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. అంటే ప్లేటు పూర్తిగా తింటే 117 గ్రాములు. పది గ్రాములకు ఒక యూనిట్ అవసరమయ్యే పిల్లకు దాదాపు 12 యూనిట్లు పడతాయి. ఆ రోజు కూర నచ్చక సగం వదిలేస్తే ఆరు చాలు. ఈ తేడా తెలిసేది కంచం ముందు కూర్చున్నప్పుడే. అందుకే వేగంగా పనిచేసే ఇన్సులిన్‌ను తినేముందు, తినబోయేదాన్ని బట్టి వేసుకోవడం మేలైన పద్ధతి అయింది. చొక్కా కాస్త పైకెత్తి, పొట్ట మీద వేళ్లతో చర్మం మడత పట్టి, పెన్ను సూది గుచ్చి, బటన్ నొక్కి పదంకెలు లెక్కపెట్టి తీయడం. చేతులు కడుక్కుని వచ్చేంత సేపు పట్టదు. దీనికి కావాల్సింది శుభ్రమైన ఓ మూల, అడ్డుచెప్పని పెద్దవాళ్లు.

ఇదే లెక్క రాగిజావకూ వర్తిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల బడుల్లోనూ పిల్లలకు పోసే ఆ జావలో బెల్లం ఉంటుంది. నీకు షుగర్ కదా, నీకొద్దు అని వరుసలోంచి తప్పించడం సులువు. ఆ మాట అందరి ముందు విన్న పిల్ల మర్నాటి నుంచి జబ్బును దాచడం మొదలుపెడుతుంది. లెక్కలోకి తీసుకుని ఇన్సులిన్ వేసుకుంటే ఆ జావ ఆమె కూడా తాగొచ్చు. ఎన్నిసార్లు, ఎంత, ఏ డోసుతో అన్నది డాక్టరు రాసిస్తే వంటమ్మకూ టీచరుకూ అనుమానం ఉండదు. ఆటలదీ అదే దారి. కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజును లాక్కుంటుంది. ఆట ముగిశాక ఖర్చయిన నిల్వను నింపుకోవడానికి గంటల తరబడి లాక్కుంటూనే ఉంటుంది. సాయంత్రం కబడ్డీ ఆడిన పిల్లకు అర్ధరాత్రి షుగర్ పడిపోవడం అందుకే. ఇది తెలిసిన పీఈటీ సార్ ఆటకు ముందు పరీక్ష చూసుకోమంటారు, అరటిపండు తినమంటారు. తెలియనివాళ్లు భయపడి బెంచీ మీద కూర్చోబెడతారు. 1997లో టైప్‌ 1 బయటపడ్డాక కూడా వసీం అక్రమ్ ఇన్సులిన్ వేసుకుంటూ పాకిస్తాన్‌కు ఏళ్ల తరబడి ఫాస్ట్ బౌలింగ్ చేశాడు.

షుగర్ ఎక్కువైన రోజు సంగతి వేరు. పీరియడుకు రెండుసార్లు ఒంటేలుకి వెళ్లాల్సి రావచ్చు. అడిగిన ప్రతిసారీ అనుమతి దొరకదని తెలిసిన పిల్ల నీళ్లు తాగడం మానేస్తుంది. ఆడపిల్లలైతే బడిలో మరుగుదొడ్డి సరిగా లేక ముందే మానేసి ఉంటారు. నీళ్లు తగ్గితే రక్తంలో షుగర్ ఇంకా చిక్కబడుతుంది, కీటోన్ల ముప్పు దగ్గరవుతుంది. నీళ్ల సీసా బల్ల మీద పెట్టుకోనివ్వడం, అడగకుండా లేచి వెళ్లనివ్వడం. ఈ రెండిటికీ పైసా ఖర్చు లేదు.

టీచర్లు అనే మాట న్యాయమైనదే. మేం చదువు చెప్పేవాళ్లం, నర్సులం కాదు. సర్వేలు, ఆన్‌లైన్ హాజర్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు ఇప్పటికే నెత్తిన ఉన్నాయి. రేపు ఏదైనా జరిగితే మా మీద కేసు పెడతారు. ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు. ఇదే వాదన అమెరికాలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బడిలో ఇన్సులిన్ వేయడం లైసెన్సున్న నర్సుల పనే అని నర్సుల సంఘం వాదించింది. డాక్టరు రాతపూర్వక సూచన, తల్లిదండ్రుల సమ్మతి ఉంటే, శిక్షణ పొందిన బడి సిబ్బంది ఎవరైనా వేయొచ్చని 2013లో కోర్టు తేల్చింది. మన దగ్గర అంత దూరం పోవాల్సిన అవసరం కూడా చాలాచోట్ల రాదు. పదేళ్లు దాటిన చాలామంది పిల్లలు సూది తామే వేసుకోగలరు. టీచరును అడిగేది పిల్ల సరిగా డయల్ తిప్పిందో లేదో ఓ చూపు చూడమని, షుగర్ పడిపోయిన గుర్తులు కనిపెట్టమని, చక్కెర అందుబాటులో ఉంచమని. కేసుల భయానికి మందు కూడా రాతలోనే ఉంది. డాక్టరు సంతకంతో ఒక పేజీ పథకం, తల్లిదండ్రుల సమ్మతి పత్రం హెడ్మాస్టరు దగ్గర ఉంటే, అందులో రాసినట్టు చేసిన టీచరును ఎవరూ వేలెత్తి చూపలేరు. ఏ రాతా లేకుండా వదిలేసినప్పుడే ఆయన ఒంటరివాడు. కొంత దారి ఇప్పటికే పడింది. పది, పన్నెండు తరగతుల పరీక్షలకు టైప్‌ 1 పిల్లలు చక్కెర బిళ్లలు, పండ్లు, తినుబండారాలు, మంచినీళ్లు వెంట తెచ్చుకోవచ్చని సీబీఎస్‌ఈ 2017లో చెప్పింది. బడిలో పరీక్ష చేసుకోనివ్వాలి, ఇన్సులిన్ వేసుకోనివ్వాలి, మధ్యలో తిననివ్వాలి అని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలకు రాసింది. ఆ మాట మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూలు స్టాఫ్‌ రూము దాకా చేరితేనే దానికి అర్థం.

బడికి ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్ల కోసం ఇంత హంగామానా అని అడిగేవాళ్లూ ఉన్నారు. చాలా బడుల్లో అసలు ఒక్కరూ ఉండకపోవచ్చు, నిజమే. అయితే ఈ ఏర్పాటుకు కావాల్సిన పునాది ఒక్క షుగర్ పిల్లలకే పనికొచ్చేది కాదు. ఒక పేజీ పథకం, ఇద్దరు శిక్షణ పొందిన సిబ్బంది, తాళం వేయని ఒక మందుల పెట్టె, రాసిపెట్టిన ఫోన్ నంబరు. ఆస్తమా పిల్లాడికి ఇన్‌హేలర్ అందాల్సింది, ఫిట్స్ వచ్చిన పిల్లను పక్కకు తిప్పాల్సింది, పాడేరు, ఉట్నూరు ఏజెన్సీల్లో సికిల్ సెల్ ఉన్న పిల్లలకు నీళ్లు మానకుండా చూడాల్సింది, తలసీమియా పిల్ల రక్తం ఎక్కించుకోవడానికి వెళ్లిన రోజు గైర్హాజరు వేయకుండా ఉండాల్సింది ఈ పునాది మీదే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల్లో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి. టైప్‌ 1 మధుమేహం లేదు. పిల్లల ఆరోగ్యం చూడటానికి బడికి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య బృందాలు 2013లో 30 సమస్యల జాబితాతో బయల్దేరాయి, అందులోనూ ఇది లేదు. ఈ పిల్లలు తక్కువమంది కావడం కన్నా ఏ జాబితాకూ ఎక్కకపోవడమే అసలు చిక్కు. జాబితాలో లేని జబ్బుకు బడ్జెట్ ఉండదు, శిక్షణ ఉండదు, అడిగే అధికారి ఉండడు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం తల్లిదండ్రుల నుంచే వస్తుంది. బడిలో చెబితే ఊరంతా తెలుస్తుంది, రేపు పిల్లకు సంబంధాలు రావు. ఈ భయం ఒట్టిది కాదు. ఆడపిల్ల విషయంలో మన సమాజం ఎంత కటువుగా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ దాన్ని తేలిగ్గా తీసుకోరు. అయినా దాచడం వల్ల ఏమవుతుందో కూడా చూడాలి. దాచిన పిల్ల ఇన్సులిన్ మరుగుదొడ్డిలో వేసుకుంటుంది, లేదా ఎగ్గొడుతుంది. చెమటలు పట్టినా చక్కెర నోట్లో వేసుకోదు, ఎవరైనా చూస్తారని. యుక్తవయసు వచ్చేసరికి ఎదుగుదల హార్మోన్ల వల్ల ఇన్సులిన్ ఎక్కువ కావాల్సి వస్తుంది, సరిగ్గా ఆ వయసులోనే డోసులు ఎగ్గొట్టడం పెరుగుతుంది. చెప్పాల్సింది ఊరికి కాదు, ఇద్దరు ముగ్గురు పెద్దలకు. క్లాస్ టీచరు, పీఈటీ, హెడ్మాస్టరు. ఆ విషయం వాళ్ల దగ్గరే ఉంచడం బడి బాధ్యత అని పథకంలోనే రాయొచ్చు. తోటిపిల్లలకు చెప్పాలా వద్దా అన్నది మాత్రం ఆ పిల్ల ఇష్టానికి వదిలేయాలి. చెప్పుకున్న చోట, షుగర్ పడిపోతున్న సంగతి టీచరు కన్నా ముందు పక్క బెంచీ స్నేహితురాలే పసిగడుతుంది.

చర్మానికి అంటించుకుంటే క్షణక్షణం షుగర్ చూపే సెన్సర్లు వచ్చాయి, తానే లెక్కకట్టి ఇన్సులిన్ ఎక్కించే పంపులు వచ్చాయి, ఇక మనుషులెందుకు అనొచ్చు. అవి గొప్ప సాధనాలు, అందగలిగిన ప్రతి పిల్లకూ అందాలి. కానీ రెండు వారాలకోసారి వేలల్లో ఖర్చు పెట్టి సెన్సర్ మార్చగల ఇళ్లు మన దగ్గర ఎన్ని? పైగా సెన్సర్ మోగితే చక్కెర ఇవ్వాల్సింది మనిషే. ఫోన్లు గేటు దగ్గరే జమచేసుకునే బడిలో ఆ మోత వినిపించేదెవరికి? అంతకన్నా ముందున్న సమస్య ఇన్సులిన్‌ను పాడవకుండా ఉంచడం. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే పనికిరావు. మన వేసవి 40 దాటుతుంది, ఫ్రిజ్ లేని ఇళ్లున్నాయి, కరెంటు పోయే ఊళ్లున్నాయి. మెదసాన్ సాన్ ఫ్రాంతియేర్ అనే అంతర్జాతీయ వైద్య సేవాసంస్థ డాక్టర్లు, జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కెన్యాలోని దగాహలే శరణార్థి శిబిరపు ఇళ్లలో ఉండే వేడిని కొలిచి, 25 నుంచి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలు ఉంచినా ఇన్సులిన్ శక్తి చెడలేదని 2021లో ప్రకటించారు. తెరిచిన సీసాను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టి నీడన ఉంచితే చాలా ఇళ్లలో ఆ వేడి మించకుండా చూసుకోవచ్చు. బడిలో ఎండ పడే కిటికీ పక్కన వేలాడే స్కూలు బ్యాగు మాత్రం ఇన్సులిన్‌కు చోటు కాదు.

ఈ వాదనకు అసలైన పరీక్ష గురుకులాలు, హాస్టళ్లు. అక్కడ బడి సాయంత్రానికి ముగియదు. అమ్మ ఉండదు, రాత్రి కూడా బడిదే. ఇక్కడి పిల్లల్లో ఎక్కువమంది పేద, దళిత, గిరిజన కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు, ఆ సీటే వాళ్ల చదువుకు ఆధారం. జబ్బు బయటపడగానే టీసీ ఇచ్చి ఇంటికి పంపితే బడికి బాధ్యత తగ్గుతుంది, పిల్లకు చదువూ పోతుంది, వేళకు తిండీ పోతుంది. ఉంచుకోవడానికి కావాల్సినవి అసాధ్యమైనవేమీ కావు. వంటగదిలో కాకుండా ఆరోగ్య గదిలో ఒక చిన్న ఫ్రిజ్, గ్లూకోమీటరు, ఆగకుండా వచ్చే స్ట్రిప్పులు, గ్లూకగాన్. రాత్రి భోజనానికి ముందు సూది, పడుకునే ముందు పరీక్ష, ఆటలు ఆడిన రోజు రాత్రి రెండింటికి ఇంకో పరీక్ష. జ్వరమో వాంతులో వచ్చినప్పుడు తినడం లేదు కదా అని ఇన్సులిన్ ఆపేయకూడదని ఏఎన్‌ఎంకు నేర్పడం, ఎందుకంటే ఒంట్లో బాగోలేనప్పుడే కీటోన్లు వేగంగా పెరుగుతాయి. వాడిన సూదులు మూతున్న గట్టి డబ్బాలో వేయించడం. ఏ రాత్రి డ్యూటీ ఎవరిదో పేరుతో సహా రిజిస్టరులో ఉండటం. టైప్‌ 1 పిల్లలకు వైద్యం ఎలా జరగాలో భారత వైద్య పరిశోధన మండలి 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ఆధారంగా రెండు రాష్ట్రాల విద్యాశాఖలు, సంక్షేమ శాఖలు తెలుగులో ఒక పేజీ నమూనా పథకం అచ్చువేసి, జూన్‌లో బడులు తెరిచే లోపే ప్రతి హెడ్మాస్టరుకూ ప్రతి వార్డెనుకూ పంపవచ్చు. ఆ కాగితం నింపాల్సింది ఆస్పత్రిలో డాక్టరు, అమలు చేయాల్సింది బడిలో టీచరు, మూడు నెలలకోసారి ఇద్దరి లెక్కలూ కలిపి చూడాల్సింది జిల్లా ఆస్పత్రిలో వారానికి ఒక పూట నడపాల్సిన టైప్‌ 1 క్లినిక్.